తాబేళ్ల పెంపకం లాభసాటా? మొదలుపెట్టకముందే తెలుసుకోవాల్సిన సంగతులు

ఈ మధ్య రైతు వేదికలో సమావేశం పెట్టినా, పొలం గట్టు మీద నిలబడి మాట్లాడినా ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "సార్, ఫారం పాండ్‌ల చేపలకు బదులు తాంబేళ్లు పెంచితే ఎట్లుంటది? లక్షలొస్తయని ఫోన్‌ల చూపిస్తుండ్రు" అని. బాసర చుట్టుపక్కల గోదావరి ఒడ్డు గ్రామాల్లో ఈ మాట ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ తాబేలు కొనాల్సిన పని లేదు. శ్రీరాంసాగర్ వెనుక జలాల్లో వేసిన వలలో పడుతుంది, వానాకాలంలో వరి మడిలోకి నడిచి వస్తుంది, ఎండాకాలం కుంట ఎండితే బురదలో దొరుకుతుంది. ఊరికే దొరికేదాన్ని పెంచి అమ్మితే తప్పేంటని రైతుకు అనిపించడం సహజం.

జవాబు ముందే చెప్పేస్తాను. మన చెరువుల్లో, నదిలో ఉండే తాబేళ్లను పెంచడానికి, పిల్లలు తీయించడానికి, అమ్మడానికి రైతుకు అనుమతి లేదు. లైసెన్సు తీసుకుని చేద్దామన్నా అలాంటి లైసెన్సు ఇచ్చే పద్ధతి లేదు. చేస్తే జరిమానా కట్టి బయటపడే కేసు కాదు, జైలు శిక్ష పడే కేసు. నేను వ్యవసాయ శాఖ మనిషిని, అటవీ శాఖ మనిషిని కాను. అయినా ఈ విషయం రాయడానికి కారణం ఒకటే. ఎకరం రెండెకరాల రైతు తెలియక దీంట్లో దిగితే పెట్టుబడి పోవడంతో ఆగదు, కోర్టు చుట్టూ తిరగడంలో మిగతా సాగు కూడా పాడవుతుంది.

వీడియోల్లో చూపించేది ఎక్కడిది?

ఫోన్లో కనిపించే ఆ సిమెంటు తొట్లు, వందల కొద్దీ తాబేళ్లు, గుడ్లు పొదిగే గదులు చాలావరకు చైనా, థాయిలాండ్, వియత్నాం దేశాలవి. వాటి మీద తెలుగు మాటలు అతికించి మనవాళ్లకు చూపిస్తున్నారు. చైనాలో తాబేలు మాంసం విందు భోజనం, చిప్ప మందుల్లో వాడతారు. అక్కడ చైనా మెత్త చిప్ప తాబేలు అనే రకాన్ని దశాబ్దాలుగా పెంచుతున్నారు, ఏటా కోట్ల సంఖ్యలో అమ్ముతున్నారు. చలికాలంలో కూడా ఎదగడానికి షెడ్లు కట్టి నీళ్లు వేడి చేస్తారు. ఆ రకం వేరు, ఆ మార్కెట్ వేరు, అక్కడి చట్టం వేరు.

అక్కడ కూడా ఒక చిక్కు వచ్చింది, అది మనం గమనించాలి. ఫారాల్లో పెంచితే నదుల్లోని తాబేళ్ల మీద ఒత్తిడి తగ్గుతుందని మొదట అనుకున్నారు. కానీ తల్లి తాబేళ్ల కోసం ఫారాల వాళ్లే మళ్లీ అడవి తాబేళ్లను కొనడం మొదలుపెట్టారు. అడవిలో పుట్టిన తల్లి ఎక్కువ గుడ్లు పెడుతుందని నమ్మకం. దాంతో వేటగాడికి కొత్త గిరాకీ పుట్టింది. చైనా శాస్త్రవేత్తలే ఈ సంగతి పరిశోధన పత్రాల్లో రాశారు. పెంపకానికి అనుమతి ఇస్తే దొంగ వేట ఆగుతుందని వాదించే వాళ్లకు ఈ అనుభవం ఒక్కటి చాలు.

చట్టం ఏమంటుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2022 డిసెంబరులో సవరించింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఆరు షెడ్యూళ్లు ఉండేవి, ఇప్పుడు నాలుగు. పెద్దపులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే మన చెరువుల్లో సాధారణంగా కనిపించే మెత్త చిప్ప తాబేలు కూడా ఉంది. వెనక కాళ్లు లోపలికి లాక్కుని కింద చర్మపు రెక్కలతో మూసుకునే తాబేలు అదే. నక్షత్ర తాబేలు ఇంతకు ముందు నాలుగో షెడ్యూల్‌లో ఉండేది, ఈ సవరణతో అది కూడా మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది. "పులిని చంపితే కేసు గాని తాబేలుకేం కేసు" అనే మాట ఇక చెల్లదు. చట్టం దృష్టిలో రెండూ ఒకే వరుసలో ఉన్నాయి.

మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. ఇది చాలామందికి ఎంతో కొంత తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి.

మొదటిది, ఈ చట్టంలో "వేట" అంటే చంపడం మాత్రమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, గుడ్లు తీయడం, గుడ్లు పాడుచేయడం అన్నీ వేట కిందికే వస్తాయి. కాబట్టి "నేను చంపలేదు సార్, తెచ్చి తొట్లో వేసి మేత పెడుతున్న" అన్న మాట కోర్టులో పనికిరాదు.

రెండవది, మీ దగ్గర అలాంటి తాబేలు దొరికితే అది అక్రమంగా ఉంచుకున్నదే అని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మీదే. మామూలు కేసుల్లో పోలీసులు నేరం రుజువు చేయాలి, ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

మూడవది చిన్న రైతుకు అన్నిటికంటే బరువైనది. నేరానికి వాడిన బండి, పడవ, వల, పనిముట్లు స్వాధీనం చేసుకుంటే అవి ప్రభుత్వ ఆస్తి అవుతాయి. ఆటో కిరాయికి పోయిన వాడు ఆటో పోగొట్టుకుంటాడు. నాలుగు తాబేళ్ల సంచి మోసినందుకు ఫైనాన్సులో కొన్న బండి పోతే, వాయిదాలు మాత్రం కట్టాల్సిందే.

మరి ఎవరూ పెంచడం లేదా అంటే, పెంచుతున్నారు. 1980ల చివర్లో గంగా ప్రక్షాళనలో భాగంగా ఉత్తరప్రదేశ్‌లో తాబేలు గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లలను పెంచి వారణాసి దగ్గర గంగలో వదిలారు. నదిలో కొట్టుకొచ్చే కళేబరాలను తింటాయని. సారనాథ్‌లోను, లక్నో దగ్గరి కుక్రైల్‌లోను ఇందుకు కేంద్రాలు ఉన్నాయి. సుందర్‌బన్స్‌లో దాదాపు కనుమరుగైన ఒక నదీ తాబేలును బందీగా పెట్టి పిల్లలు తీయిస్తున్నారు. మద్రాసు దగ్గరి మొసళ్ల బ్యాంకులో కూడా ఈ పని చేస్తున్నారు. ఇవన్నీ ప్రభుత్వం చేసేవో, ప్రభుత్వ అనుమతితో గుర్తింపు పొందిన సంస్థలు చేసేవో. పుట్టిన పిల్లలు పోవాల్సింది నీళ్లలోకి, సంతకు కాదు.

గుడిలో ఉన్నాయి కదా అని కూడా అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లు ఉన్న మాట నిజమే. కూర్మావతారానికి గుడి అది, భక్తులు తెచ్చి వదిలినవి అక్కడ పెరుగుతున్నాయి. అస్సాంలో నాగశంకర్ గుడి కోనేరులో నల్ల మెత్త చిప్ప తాబేళ్లు ఉన్నాయి. నదుల్లో ఆ జాతి ఇక లేదని ఒకప్పుడు అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి, కోనేరులో మాత్రం బతికి ఉంది. తర్వాత నదుల్లో కూడా కొన్ని కనిపించాయి. భక్తి ఒక జాతిని కాపాడిన ఉదాహరణ అది. దాన్ని చూపించి మన ఇంటి హౌజులో పెంచుకుంటామంటే కుదరదు.

చట్టం పక్కన పెట్టినా లెక్క కుదరదు

ఒక్క నిమిషం చట్టం లేదనుకుని లెక్క వేద్దాం. కిలో బరువున్న తల్లి రోహు ఒక్క సీజన్లో రెండు లక్షలకు పైగా గుడ్లు ఇస్తుంది. మన చెరువు తాబేలు ఒక్కసారి పెట్టేది పదీ పన్నెండు, ఒక్కోసారి రెండు మూడే. ఆ గుడ్లు నెలల తరబడి మట్టిలో ఉంటాయి. గోదావరిలో ఉండే పెద్ద రకాల తాబేళ్లు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్లు పడుతుంది. చాలా గట్టి చిప్ప రకాల్లో గూడు వేడిని బట్టి పుట్టేది ఆడదా మగదా తేలుతుంది. వేడి తేడా వస్తే బ్యాచ్ మొత్తం ఒకే రకం పుడుతుంది. ఆరు నెలలు నీళ్లుండే ఫారం పాండ్‌లో ఇది ఏ లెక్కన సాగు అవుతుంది?

నా ఉద్యోగంలో ఈమూ పక్షుల కథ కళ్లారా చూశాను. జత పిల్లలు వేలు పెట్టి అమ్మారు, గుడ్లు మేమే కొంటామన్నారు, నూనెకు గిరాకీ అన్నారు. 2012 ప్రాంతానికి కొనేవాడు లేక పక్షులకు మేత పెట్టలేక రైతులు అవస్థ పడ్డారు. లాభం వచ్చింది మొదట పిల్లలు అమ్మిన వాళ్లకే. ఈమూకు కనీసం చట్టం అడ్డు లేదు. తాబేలు వీడియోల్లో కూడా చివర ఒక ఫోన్ నంబరు ఉంటుంది, "పిల్లలు మా దగ్గర దొరుకును" అని. డబ్బులు వేసిన తర్వాత ఆ నంబరు పలకకపోతే రైతు పోలీసుల దగ్గరికి కూడా పోలేడు. ఏం కొనబోయి మోసపోయావని వాళ్లు ముందుగా అడుగుతారు.

గోళ్లు లెక్కపెట్టే బేరగాళ్లు

ఊళ్లలోకి ఇంకో రకం మనుషులు వస్తున్నారు. ఇరవై గోళ్ల తాబేలు ఉంటే లక్షలు ఇస్తామంటారు. గుప్తనిధులు తీయడానికో, పూజలకో అంటారు. రెండు తలల పాము, రైస్ పుల్లింగ్ చెంబు బాపతే ఇది కూడా. ఇంటి తమ్ముడికో కొడుకుకో ఆశ పుట్టి చెరువులన్నీ వెతకడం మొదలవుతుంది.

కాస్త శాస్త్రం తెలిస్తే ఈ ఆశ ఆరిపోతుంది. మన మెత్త చిప్ప తాబేళ్లకు ఒక్కో కాలికి మూడు గోళ్లు, మొత్తం పన్నెండు. గట్టి చిప్ప ఉన్న నల్ల తాబేలుకు, నక్షత్ర తాబేలుకు సాధారణంగా ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. ఇరవై అనేది మామూలుగా దొరకదు కాబట్టే బేరగాడు ఆ అంకె చెబుతాడు. "ఇది కాదు, ఇంకోటి పట్టు" అంటూ తిప్పుతాడు. పట్టినవన్నీ ఏమవుతాయో ఆలోచించండి. పద్దెనిమిది గోళ్లవి, పన్నెండు గోళ్లవి సంచుల్లో మాంసానికి పోతాయి.

ఆ వ్యాపారం చిన్నది కాదు. కోనసీమ, కొల్లేరు ప్రాంతాల నుంచి ఒడిశా వైపు వ్యాన్లలో తాబేళ్లు తరలిస్తూ పట్టుబడిన కేసులు ఈ కొన్నేళ్లలో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. 2017 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేథీలో ఒక్క ఇంట్లోనే ఆరు వేలకు పైగా దొరికాయి. అన్నీ మన చెరువుల్లో ఉండే మెత్త చిప్ప రకమే. గంగా తీరంలో తగ్గిపోతే బేరగాళ్లు గోదావరి తీరానికి రావడం సహజం. గోదావరి, కృష్ణ వంటి దక్షిణాది నదుల్లోనే ఉండే లీత్ మెత్త చిప్ప తాబేలు ఎంత తగ్గిపోయిందంటే, 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ సమావేశంలో భారతదేశమే పట్టుబట్టి దాన్ని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించే మొదటి అనుబంధంలో చేర్పించింది. మన ఒడ్డున వలలో పడే పెద్ద తాబేలు అదే కావచ్చు.

అక్వేరియం తాబేలు సంగతి

చెవి దగ్గర ఎర్ర గీత ఉండే పచ్చని చిన్న తాబేలు హైదరాబాద్, నిజామాబాద్ అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. అదృష్టమని, వాస్తు అని కొంటారు. ఇది అమెరికా తాబేలు, మన షెడ్యూళ్లలోది కాదు. అందుకే కొందరు "ఇదైతే పెంచొచ్చు కదా" అంటారు. నేను వద్దనే చెబుతాను.

అగ్గిపెట్టెంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుంది. తర్వాత అది పళ్లెమంత అవుతుంది, ముప్పై ఏళ్ల దాకా బతుకుతుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు విసిగి, చంపడం పాపమని తెచ్చి చెరువులోనో గోదావరిలోనో వదులుతారు. బాసరకు దర్శనానికి వచ్చి ఘాట్ దగ్గర వదిలే వాళ్లు ఉన్నారు. పుణ్యం అనుకుంటారు. నిజానికి ప్రపంచంలో ఎక్కువ చెరుపు చేసే వంద పరాయి జాతుల పట్టికలో అది ఒకటి. మన తాబేలు తిండి తింటుంది, ఎండకు కూర్చునే చోటు ఆక్రమిస్తుంది, రోగాలు తెస్తుంది. ఐరోపా దేశాలు దాని దిగుమతిని 1997లోనే ఆపేశాయి. ఇలాంటి పరాయి జాతులను పెంచడం, అమ్మడం మీద ఆంక్షలు పెట్టే అధికారం 2022 సవరణతో కేంద్రానికి వచ్చింది. ఈరోజు అడ్డు లేదు కదా అని పెట్టుబడి పెడితే, రేపు ఒక్క ఉత్తర్వుతో ఆగిపోవచ్చు. ఆఫ్రికన్ క్యాట్ ఫిష్ విషయంలో మన దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నిషేధం ఉన్నా సాగు చేసిన వాళ్ల చెరువులను అధికారులు వచ్చి పూడ్చారు.

ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని నీళ్లలో వదలకండి, బతికినంత కాలం సాకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. తాబేలు ఒంటి మీద సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉంటుంది. పిల్లలు జబ్బు పడుతున్నారని అమెరికా 1975లోనే నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధించింది. వాస్తుకే కావాలంటే నిర్మల్ బజారులో ఇత్తడి తాబేలు దొరుకుతుంది, దానికి మేత అక్కర్లేదు, కేసూ ఉండదు.

చెరువులో, పొలంలో తాబేలు ఉంటే ఏం చేయాలి?

చేపల రైతుల ఫిర్యాదు ఒకటి ఉంది, అది న్యాయమైనదే. తాబేళ్లు చేప పిల్లలను తినేస్తున్నాయని. పరిశీలిస్తే తాబేలు ఎక్కువగా తినేది నత్తలు, కప్పలు, పురుగులు, నీటి మొక్కలు, చచ్చిన చేపలు. బతికిన చేపను తరిమి పట్టేంత చురుకు దానికి తక్కువ. కానీ బొటనవేలంత పిల్లలు వదిలితే తాబేలుకే కాదు, కప్పకు, నీటి పాముకు, కొంగకు కూడా ఆహారమే. 8 నుంచి 10 సెంటీమీటర్ల పిల్లలు ఎకరానికి రెండు వేల చొప్పున వదలండి, నష్టం తేడా మీకే తెలుస్తుంది. చిన్న ఫారం పాండ్ అయితే చుట్టూ అడుగున్నర ఎత్తు జాలీ కట్టి, కింది అంచు మట్టిలో పూడిస్తే తాబేలు లోపలికి రాదు. చచ్చిన చేపలు తిని నీళ్లు కుళ్లకుండా చూసే పని అది ఉచితంగా చేస్తోందని కూడా లెక్కలో వేసుకోవాలి.

వలలో పడితే ఆలస్యం చేయకూడదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, నీళ్లలో వలకు చిక్కి ఉండిపోతే ఊపిరాడక చస్తుంది. రాత్రంతా వదిలేసే సన్న దారం వలల్లో ఇలా ఎక్కువగా జరుగుతుంది. మధ్యలో ఒకసారి చూసుకోవడం మంచిది. చిప్ప వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని వల దారం కోసి అక్కడే వదలాలి. మెత్త చిప్ప తాబేలు మెడ చాలా దూరం సాగుతుంది, గట్టిగా కరుస్తుంది, ముందు వైపు చేయి పెట్టవద్దు. ఒక దారం పోతే పోనీయండి, వల మొత్తం పోవడం కంటే నయం.

బాసర వైపు మనకు ప్రత్యేకంగా ఉన్న సమస్య శిఖం భూములది. యాసంగిలో నీళ్లు వెనక్కి పోయిన కొద్దీ రైతులు ఆ భూమి దున్ని విత్తనం వేస్తారు. అదే చోట, ఒడ్డు ఇసుకలో, కట్టల మీద తాబేళ్లు గుంత తీసి గుడ్లు పెడతాయి, బురదలో దూరి ఎండాకాలం గడుపుతాయి. ట్రాక్టర్ నాగలికి గుడ్లు బయటపడతాయి. గుండ్రంగా, తెల్లగా, నిమ్మకాయ కంటే చిన్నగా ఉంటాయి. కోడి గుడ్డులా వాటిని తిప్పకూడదు. తాబేలు గుడ్డులో పిండం పెట్టిన కొద్ది గంటల్లోనే పై పెంకుకు అతుక్కుంటుంది, తలకిందులు చేస్తే లోపలే చస్తుంది. ఏ వైపు పైకి ఉందో అలాగే ఉంచి మట్టి కప్పి, నాలుగు పుల్లలు పాతి, ఆ రెండడుగుల జాగా వదిలి దున్నండి. మీ ఊళ్లోని ట్రాక్టర్ డ్రైవర్లకు ఈ సంగతి చెబితే రైతుకు చెప్పినంత ఫలితం ఉంటుంది.

గాయపడ్డ తాబేలు దొరికినా, ఎవరైనా మీ దగ్గర సంచి పెట్టి పోయినా, పిల్లలు తెలియక ఇంటికి తెచ్చినా దాచవద్దు. చట్టం ప్రకారం 48 గంటల లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గాని, అటవీ అధికారికి గాని తెలియజేయాలి. మొదట మీ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, దొరకకపోతే బాసర పోలీస్ స్టేషన్‌లో చెప్పి, చెప్పిన సమయం కాగితం మీద రాసి పెట్టుకోండి. గ్రామ పంచాయతీ కార్యదర్శికి కూడా ఒక మాట చెబితే సాక్ష్యంగా ఉంటుంది. తెలిసి చెప్పిన వాడిని, దాచిన వాడిని అధికారులు ఒకేలా చూడరు.

నీళ్లున్నాయి, ఏదో ఒకటి పెంచాలనే ఆలోచన మాత్రం మంచిదే. కొర్రమీను మన రాష్ట్ర చేప, బతికిన చేపకు ధర బాగుంటుంది, తక్కువ నీళ్లలో తట్టుకుంటుంది. అయితే పిల్లల ఖర్చు, మేత ఖర్చు ఎక్కువ, ఒకదాన్నొకటి తింటాయి, సైజు వారీగా వేరు చేస్తూ ఉండాలి. మొదటిసారి చేసేవాళ్లకు బొచ్చె, రోహు, మృగాల కలిపి వేయడమే తేలిక. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద జనరల్ వాళ్లకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 60 శాతం రాయితీ ఉంది. పట్టా పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని నిర్మల్‌లోని జిల్లా మత్స్య శాఖ కార్యాలయానికి వెళ్లే ముందు, మీ పాండ్‌లో నీళ్లు ఏ నెల నుంచి ఏ నెల వరకు నిలుస్తాయో రాసుకుని వెళ్లండి. అక్కడ మొదట అడిగేది అదే.